ట్రిపుల్ సెవెన్ మాస్టార్లకు

కుర్రాడు చెయ్యెత్తి "సార్, పర్మిషన్ డినైడ్ అంటాంది" అంటాడు. మాస్టారు కుర్చీలోంచి లేవడు, తెర చూడడు, ఏ ఫోల్డరని అడగడు. "ట్రిపుల్ సెవెన్ కొట్టప్పా" అంటాడు. కుర్రాడు కొడతాడు. పని జరిగితే మాస్టారు మేధావి. జరగకపోతే "లినక్స్ అంతే నాయనా, విండోస్ వేసుకో" అనే రెండో సలహా ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. అనంతపురం నుంచి రాయదుర్గం దాకా, కళ్యాణదుర్గం నుంచి మడకశిర దాకా కాలేజీ ల్యాబుల్లో, కోచింగ్ సెంటర్లలో నేను చూస్తున్నది ఈ తంతే. దీన్ని చదువు అనడానికి నాకు నోరు రావడం లేదు.

777 అంటే ఏమిటో నిదానంగా చెప్పుకుందాం, మాస్టారు చెప్పడు కాబట్టి. ప్రతి ఫైలుకూ మూడు వర్గాల జనం ఉంటారు: సొంతదారు, అతని గ్రూపు, మిగతా అందరూ. చదివే హక్కుకు (ఆర్) 4, రాసే హక్కుకు (డబ్ల్యూ) 2, నడిపే హక్కుకు (ఎక్స్) 1. మూడూ కలిపితే 7. మూడు ఏడులు కొట్టావంటే ఆ కంప్యూటర్లో లాగిన్ ఉన్న ప్రతివాడూ, నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ ఆ ఫైలును చదవచ్చు, మార్చేయచ్చు. ఫోల్డరుకు కొడితే ఇంకా ఘోరం. లోపలి ఫైలు తనది కాకపోయినా ఎవడైనా దాన్ని తీసి పారేసి, అదే పేరుతో తన ఫైలు పెట్టిపోవచ్చు. ఈ అంకెలు కొట్టే చ్‌మాడ్ కమాండ్ 1971 నాటి యునిక్స్ మొదటి మాన్యువల్లోనే ఉంది. యాభై ఏళ్లు దాటింది. దాని మాన్యువల్ పేజీ చదవడానికి ఒక మధ్యాహ్నం చాలు. ఆ మధ్యాహ్నం మనవాళ్లకు ఇంతవరకు దొరకలేదు.

ఈ జబ్బు లోకల్ రిపోల దగ్గరే, అంటే సొంత డిస్కులో దాచుకున్న ప్యాకేజీల నిల్వల దగ్గరే, ఇంతగా ముదరడానికి కారణం ఉంది. డెబియన్ అనే లినక్స్ 12వ వెర్షన్ 2023 జూన్‌లో 64 వేలకు పైగా ప్యాకేజీలతో వచ్చింది. బెంగళూరులో ఫైబర్ లైను కింద కూర్చున్నవాడికి ఆ సముద్రమంతా ఒక కమాండ్ దూరం. అదే కమాండ్‌ను మన ల్యాబులో గదినిండా ఉన్న కంప్యూటర్లలో, ఉన్న ఒక్క కనెక్షన్ మీద, ఒకేసారి కొట్టించి చూడండి. మధ్యలో కరెంటు పోతుంది. వచ్చేసరికి పీరియడ్ అయిపోతుంది. అందుకే మన దగ్గర తెలివైనవాళ్లు ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు. నెట్ బాగున్న చోట ప్యాకేజీలన్నీ ఒకసారి దించుకుని, పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్కులోనో తెచ్చి, సోర్సెస్ లిస్టులో 'ఫైల్' అనే మాటతో మొదలయ్యే ఒక లైను రాసి, ఇంటర్నెట్ మొహం చూడకుండా ఇన్‌స్టాల్ చేసుకోవడం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వానతో బతుకుతున్న జిల్లా ఇది. ఉన్నదాన్ని దాచుకుని వాడుకోవడం ఎవరూ మాకు నేర్పనక్కర్లేదు.

ఆఫ్‌లైన్ అవసరం ప్రభుత్వానికీ తెలుసు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచినప్పుడు పాఠాలు ముందే నింపి ఇచ్చారు, నెట్ లేకపోయినా నడవాలని. పద్నాలుగేళ్ల పిల్ల విషయంలో అర్థమైన సంగతి ఇంజనీరింగ్ ల్యాబు దగ్గరికి వచ్చేసరికి అర్థం కాకుండా పోయింది. లినక్స్ ల్యాబు మాన్యువల్స్ తిరగేయండి. ప్రతి పేజీలోనూ నెట్ ఉందనే ధీమా. లోకల్ రిపో ఎలా కట్టాలో, దాని అనుమతులు ఎలా ఉండాలో ఒక్క ప్రయోగం కూడా కనపడదు. కనపడని ఆ ఖాళీలోకి ట్రిపుల్ సెవెన్ వచ్చి కూర్చుంది.

అసలు లోపల ఏం జరుగుతోందో చెబితే ఈ మందు ఎంత పనికిమాలినదో తెలుస్తుంది.

ఆప్ట్ అనే ప్యాకేజీ మేనేజర్ సుడోతో నడుస్తుంది, అంటే రూట్ హక్కులతో. కానీ 2015లో వచ్చిన 1.1 వెర్షన్ నుంచి ప్యాకేజీలు తెచ్చే పనిని రూట్ స్వయంగా చెయ్యదు. '_ఆప్ట్' అనే ఒక బీద యూజరుకు ఆ పని అప్పగిస్తుంది. ఇతనికి లాగిన్ లేదు, ఆస్తి లేదు, హోమ్ ఫోల్డరు కూడా లేదు. పాస్‌వర్డ్ ఫైలులో ఇతని ఇంటి చిరునామా దగ్గర 'నాన్‌ఎగ్జిస్టెంట్' అని రాసి ఉంటుంది. రాసినవాడికి కాస్త హాస్యం ఉందనుకుంటాను. ఎందుకీ ఏర్పాటు? బయటి నుంచి వచ్చే సరుకును విప్పి చూసే ప్రోగ్రాములో ఎక్కడో ఒక బొక్క ఉంటుంది. ఆ బొక్కలోంచి దూరినవాడికి రూట్ హక్కులు దొరక్కూడదు. ఇది ఉత్త భయం కాదు. 2019 జనవరిలో మాక్స్ జస్టిక్జ్ అనే పరిశోధకుడు ఆప్ట్ రీడైరెక్ట్‌లను చూసుకునే తీరులో అలాంటి బొక్కనే బయటపెట్టాడు. దారిలో కూర్చున్నవాడు తన ప్యాకేజీని మన మెషీన్లోకి రూట్‌గా ఎక్కించగలిగేంత పెద్దది అది. ఆ దాడిని ఈ బీద యూజరు ఒక్కడే ఆపలేకపోయాడు, అదీ ఒప్పుకోవాల్సిందే. కానీ తలుపు ఒకసారి విరిగిందని మిగతా తలుపులన్నీ పీకేసేవాణ్ని ఏమంటారు?

ఇప్పుడు మన కుర్రాడి సంగతి. రిపోను తన హోమ్ ఫోల్డర్లో పెట్టాడు. పాత నోట్సులో అలాగే ఉంది. ఉబుంటు 20.04లో ఆ నోట్సు పనిచేసింది, ఎందుకంటే అప్పటిదాకా హోమ్ ఫోల్డరు 755తో పుట్టేది. ఎవరైనా లోపలికి నడవచ్చు. 2021 ఏప్రిల్లో వచ్చిన 21.04 నుంచి అది 750 అయింది. సొంతదారు, అతని గ్రూపు తప్ప మూడోవాడికి ప్రవేశం లేదు. ల్యాబుల్లో వాడేది దీర్ఘకాలం నడిచే వెర్షన్లే కాబట్టి ఆ మార్పు 22.04తో మన దాకా వచ్చింది. ఇంకొకరి ఇంట్లో ఫైళ్లు చదవడం ఇన్నాళ్లూ అంత తేలికగా ఉండటమే తప్పు, కాబట్టి మార్పు మంచిదే. కానీ నోట్సు మారలేదు. అదే లైను, అదే ఫోల్డరు, అదే మాస్టారు. నిన్నటిదాకా పనిచేసింది ఈ రోజు చచ్చింది. ఎందుకు చచ్చిందని అడిగే ఓపిక ఎవరికీ లేదు.

పెన్‌డ్రైవ్ కథ ఇంకో రకం. గుచ్చగానే అది 'మీడియా' కింద, లాగిన్ అయినవాడి పేరు మీద ఉన్న ఫోల్డర్లోకి ఎక్కుతుంది. ఆ ఫోల్డరు రూట్‌ది. లాగిన్ అయినవాడికి మాత్రం ప్రత్యేకంగా లోపలికి రానిచ్చే ఒక ఏర్పాటు ఉంటుంది. '_ఆప్ట్' అక్కడికి వెళ్లలేడు. మనవాళ్లు వెంటనే పెన్‌డ్రైవ్ లోపలి ఫైళ్లకు ట్రిపుల్ సెవెన్ కొడతారు. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి, అందులో యునిక్స్ అనుమతులనేవే ఉండవు. మౌంట్ చేసేటప్పుడు సిస్టమ్ తనంతట తాను ఏదో ఒక అంకె చూపిస్తుంది, అంతే. లేని దానికి హక్కులు రాయించుకుంటూ కూర్చుంటారు మనవాళ్లు, ఎంటర్ మీద ఎంటర్ కొడుతూ.

తుంగభద్ర ఎగువ కాలువ కింద సేద్యం చేసినవాడికి ఇది అర్థం కావడానికి కంప్యూటరు అక్కర్లేదు. కాగితం మీద మనకు 32.5 టీఎంసీలు. హోస్పేట డ్యామ్ దగ్గర వదలాలి, హెచ్చెల్సీ అనే ఆ ఎగువ కాలువలో పారాలి, పీఏబీఆర్ జలాశయం దాటాలి, మిడ్‌పెన్నార్ జలాశయం దాటాలి, ఆ తర్వాత పిల్ల కాలువ, ఆ తర్వాత మన మడి. పైన ఎక్కడో ఒక్క షట్టరు దించి ఉందనుకోండి. చివరి ఆయకట్టు రైతు తన మడి గట్టు ఎంత తెగ్గొట్టుకుంటే మాత్రం ఏం లాభం? గట్టు పోతుంది, నీళ్లు రావు. ఫైలు దారి సరిగ్గా ఇంతే. పై నుంచి కింది దాకా ప్రతి ఫోల్డరులోనూ దాటి పోవడానికి ఎక్స్ అనే ఒక్క హక్కు కావాలి. అది పైన లేకపోతే కింద ఎన్ని ఏడులు కొట్టినా ఒకటే.

దీన్ని కళ్లతో చూపించే కమాండ్ దాదాపు ప్రతి లినక్స్ మెషీన్లోనూ ఉంది. పేరు నేమ్‌ఐ. దానికి ఎల్ ఆప్షన్ ఇచ్చి ఫైలు దారి మొత్తం రాస్తే, మెట్టుకొక లైను చొప్పున సొంతదారు ఎవరో, హక్కులేవో అచ్చేస్తుంది. ఒక కుర్రాడి తెర మీద నేను చదివినది ఇది. మొదటి లైను అన్నిటికీ పైనున్న స్లాష్: రూట్ సొంతం, అందరికీ దారి ఉంది. రెండో లైను హోమ్: అదీ అంతే. మూడో లైను స్టూడెంట్: సొంతదారుకు మూడు హక్కులు, గ్రూపుకు రెండు, మిగతా జనానికి మూడు గీతలు. నాలుగో లైను రిపో: ఆర్‌డబ్ల్యూఎక్స్, ఆర్‌డబ్ల్యూఎక్స్, ఆర్‌డబ్ల్యూఎక్స్. ఐదో లైను ప్యాకేజెస్ ఫైలు: మళ్లీ అదే. అంటే ట్రిపుల్ సెవెన్ అప్పటికే కొట్టేశారు, కొట్టినా రాలేదు. అడ్డం మూడో లైనులో ఉంది. ఆ మూడు గీతల మీద వేలు పెట్టి చూపించాను. "ఇదా సార్!" అన్నాడు. అంతే, అయిపోయింది పాఠం. ఇంత చిన్న పాఠం చెప్పకుండా సెమిస్టర్లు దాటిస్తున్నారు.

తప్పంతా మాస్టార్లదే అనను. ఆప్ట్ రాసినవాళ్లకూ నా దగ్గర కొన్ని మాటలున్నాయి. అయ్యా, మీ ప్రోగ్రాము ఎర్రర్ ఎలా చెబుతుందో ఒకసారి మా ల్యాబులో కూర్చుని చదవండి. హోమ్‌లో ఉన్న రిపోను వాడబోతే చాలాసార్లు ముందు ఫైలు దొరకలేదంటుంది. అదే లైను చివర బ్రాకెట్లో 13 అని, పర్మిషన్ డినైడ్ అని ఉంటుంది. దొరకకపోవడం వేరు, దగ్గరికి పోనివ్వకపోవడం వేరు. మొదటిదాని నంబరు 2, రెండోదాని నంబరు 13. రెండూ ఒకే వాక్యంలో కలిపి కొడితే కొత్తవాడు ఏది నమ్మాలి? దాని కింద ఇంకో లైను, ఈ రిపోకు రిలీజ్ ఫైలు లేదని. కుర్రాడు చివరి లైను చదువుతాడు, అందరూ చివరి లైనే చదువుతారు. రిలీజ్ ఫైలు కోసం గూగుల్ చేస్తాడు. సంతకం పరీక్షను పక్కన పెట్టించే 'ట్రస్టెడ్ ఈక్వల్స్ యెస్' అనే మాట దొరుకుతుంది. పెడతాడు. అయినా రాదు, ఎందుకంటే రోగం అది కాదు. పెట్టిన మాట మాత్రం తియ్యడు. అది ఆ మెషీన్ బతికినన్నాళ్లూ అక్కడే ఉంటుంది.

ఇంకో మెసేజ్ ఉంది, అది మరీ విడ్డూరం. హోమ్‌లో ఉన్న ఒక్క డెబ్ ఫైలును, అంటే ఒక్క ప్యాకేజీని, నేరుగా ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేస్తే, ప్యాకేజీ సుబ్బరంగా ఎక్కుతుంది. చివర్లో మాత్రం, ఆ ఫైలు '_ఆప్ట్'కు అందలేదు కాబట్టి రూట్‌గానే పని కానిచ్చామని ఒక గమనిక వస్తుంది. అది ఎర్రర్ కాదు. పని అయిపోయింది. కానీ అందులో పర్మిషన్ డినైడ్ అనే మాట కనపడింది కదా! మాస్టారు వెంటనే మంత్రం చదువుతాడు. ఎక్కిన ప్యాకేజీ కోసం హోమ్ ఫోల్డరు మొత్తం ఊరికి తెరిచిపెట్టిన ల్యాబులు నేను చూశాను. మెసేజ్ రాసినవాళ్లు ఇంకొక్క వాక్యం కలిపి, 'ఇన్‌స్టాల్ అయింది, అడ్డం ఫలానా ఫోల్డరు దగ్గర' అని చెప్పి ఉంటే ఈ అనర్థంలో సగం తప్పేది. నెట్ ఉన్నవాళ్లు నెట్ ఉన్నవాళ్ల కోసం రాసుకున్న సాఫ్ట్‌వేర్ ఇది. లోకల్ ఫైలు వాళ్ల లెక్కలో ఎప్పుడో ఒకసారి వచ్చే చుట్టం. మాకు అది రోజూ వండుకునే సంగటి.

ఇక అసలు ప్రమాదం. లోకల్ రిపో ఫోల్డరుకు 777. సోర్సెస్ లిస్టులో ట్రస్టెడ్ యెస్. కొంతమంది ఇంకా ముందుకెళ్లి, ఆప్ట్ కాన్ఫిగ్‌లో శాండ్‌బాక్స్ యూజరును, అంటే '_ఆప్ట్'ను, రూట్ అని మార్చేస్తారు. మూడూ కలిస్తే ఏమవుతుందో ఆలోచించండి. డెబ్ ప్యాకేజీలో ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టులుంటాయి, అవి రూట్‌గా నడుస్తాయి. దారి తెరిచి ఉన్న రిపో ఫోల్డర్లో ఎవడైనా ప్యాకేజీ మార్చచ్చు. ప్యాకేజెస్ జాబితా కూడా అక్కడే, దాన్నీ మార్చి కొత్త హ్యాష్ రాయచ్చు. సంతకం అడిగేవాడు లేడు. అంటే వెనక బెంచీలో మామూలు లాగిన్‌తో కూర్చున్న కుర్రాడు, పొద్దున ఒక డెబ్ ఫైలు మార్చి పెడితే, మధ్యాహ్నం ల్యాబ్ అసిస్టెంట్ తన చేత్తో సుడో కొట్టి ఆ కుర్రాణ్ని రూట్ చేస్తాడు. అదే డిస్కు ల్యాబులో ఉన్న అన్ని మెషీన్లకూ తిరుగుతుంది.

"ఈ కరువు జిల్లాలో మన ల్యాబును ఎవడు హ్యాక్ చేస్తాడు సార్" అని నవ్వుతారు. రష్యా నుంచి ఎవడూ రానక్కర్లేదు. ఆ ల్యాబులో ఇంటర్నల్ మార్కులున్నాయి, ప్రాక్టికల్ పరీక్ష ఫైళ్లున్నాయి, బ్రౌజర్లో ఆఫీసు లాగిన్ సేవ్ అయి ఉంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి అంతకంటే పెద్ద ఖజానా ఎక్కడుంది? ఇంత తెలివైన పిల్లల మధ్య కూర్చుని, వాళ్లకు తెలివి లేదన్న నమ్మకం మీద భద్రత కట్టుకున్న పెద్దమనుషులను చూస్తే కోపం కంటే జాలి వేస్తుంది. కాదు, కోపమే వేస్తుంది.

రిపో ఫోల్డరుకు 777 కొడితే రాలేదు కదా, అప్పుడేం చేస్తారు? పైకి వెళ్తారు. హోమ్‌కు కొడతారు. కడుపు మండినవాడు లోపలున్న అన్నిటికీ వర్తించే పెద్ద ఆర్ ఆప్షన్ తగిలించి స్లాష్ దగ్గరే కొడతాడు, మొత్తం సిస్టమ్‌కు. ఆ తర్వాత చూడాలి తమాషా. అంకెలతో కొట్టిన 777, ప్రోగ్రామును సొంతదారు హక్కులతో నడిపించే సెట్‌యూఐడీ బిట్‌ను ఫైళ్ల మీద తుడిచేస్తుంది, కాబట్టి సుడో పనిచెయ్యదు; తనకు ఆ బిట్ ఉండాలని మొత్తుకుంటుంది. తాళం చెవుల ఫైళ్లు ఊరందరికీ తెరిచి ఉన్నాయని ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు వాటిని ముట్టుకోదు. అందరూ రాయగల కాన్ఫిగ్ ఫైలును మైఎస్‌క్యూఎల్ పట్టించుకోదు. పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైలును ఎవడైనా చదవచ్చు. తప్పు దిద్దుకుందామంటే సుడోనే లేదు. చివరికి ఫార్మాట్. "లినక్స్ మళ్లీ క్రాష్ అయింది" అని రిజిస్టరులో రాస్తారు. క్రాష్ అయింది లినక్స్ కాదు మహాప్రభో!

సరైన పద్ధతి ఏమంత కష్టమో చెబుతాను, వినండి. రిపోను హోమ్‌లో పెట్టకండి. 'ఎస్‌ఆర్‌వీ' అని స్లాష్ కిందే ఒక ఫోల్డరు ఉంది, ఈ మెషీన్ నలుగురికీ అందించే సరుకు పెట్టుకోవడానికే అది. పెన్‌డ్రైవ్ నుంచి అక్కడికి కాపీ చెయ్యండి. సొంతదారు రూట్. ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644. అందరూ చదవచ్చు, రూట్ తప్ప ఎవరూ రాయలేరు. ఒక్కొక్కటీ కొట్టే ఓపిక లేకపోతే, చ్‌మాడ్‌కే ఆర్ పక్కన పెద్ద ఎక్స్ ఇచ్చే వాడుక ఉంది. పెద్ద ఎక్స్ ఫోల్డర్లకు దారి హక్కు ఇస్తుంది, నడిపే హక్కు లేని మామూలు ఫైళ్ల జోలికి పోదు. ఏళ్ల తరబడి లినక్స్ చెబుతున్న మాస్టార్లలో ఈ పెద్ద ఎక్స్ గురించి విన్నవాళ్లు నాకు తగల్లేదు. తర్వాత డీపీకేజీ-స్కాన్‌ప్యాకేజెస్ నడిపి జాబితా తయారు చెయ్యండి. రిలీజ్ ఫైలు రాయించి, కాలేజీ పేరు మీద ఒక జీపీజీ తాళం చెవి చేసుకుని సంతకం పెట్టండి. ఆ చెవి పబ్లిక్ సగాన్ని ప్రతి మెషీన్లో కీరింగ్స్ ఫోల్డర్లో వేసి, సోర్సెస్ లైనులో 'సైన్డ్ బై' అని దాని పేరు రాయండి. ట్రస్టెడ్ యెస్ అనే మాటతో పని లేదు. ఒకసారి చేస్తే ఏడాది నడుస్తుంది.

హోమ్‌లోనే ఉండి తీరాలంటారా, ఏదో కారణముంది అనుకుందాం. అప్పుడు కూడా ఊరందరికీ తెరవనక్కర్లేదు. సెట్‌ఎఫ్‌ఏసీఎల్ అనే కమాండ్‌తో '_ఆప్ట్' ఒక్కడికే, ఆ ఒక్క ఫోల్డర్లో, దాటిపోయే హక్కు మాత్రమే ఇవ్వచ్చు. చదవలేడు, రాయలేడు, దారిన పోతాడు. ఎంత అవసరమో అంతే ఇవ్వడమన్నది ఈ విద్య మొత్తంలో నేర్చుకోవాల్సిన సంగతి. ట్రిపుల్ సెవెన్ నేర్పేది సరిగ్గా దానికి తలకిందులు.

ఈ అలవాటు ఒక్క ఆప్ట్‌తో ఆగితే ఇంత గొంతు చించుకునేవాణ్ని కాదు. పైథాన్ వాళ్ల పిప్ చూడండి. సిస్టమ్ పైథాన్‌లో చెయ్యి పెట్టకండి, వేరే ఎన్విరాన్‌మెంట్ చేసుకోండి అని కొత్త డెబియన్, ఉబుంటులు అడ్డుకుంటున్నాయి. మనవాళ్లు దానికీ మందు కనిపెట్టారు: 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అనే ఆప్షన్. సిస్టమ్‌ను విరగ్గొట్టు అని దాని పేరులోనే ఉంది, అయినా బోర్డు మీద రాసి మరీ కొట్టిస్తారు. అంతకు ముందు సుడో పిప్ కొట్టించేవాళ్లు, ఇంట్లోని క్యాష్ ఫోల్డర్లన్నీ రూట్ సొంతమైపోయి మర్నాడు మామూలు యూజరుకు అందకుండా పోయేవి. దానికి మళ్లీ 777.

మన ల్యాబులో కూర్చున్న పిల్ల ఎవరో మాస్టార్లు మరిచిపోయారు. వేరుశనగ వేసిన నాన్నకు ఆ ఏడు గింజ రాలేదు. జాతీయ రహదారి 44 ఎక్కితే సుమారు రెండు వందల కిలోమీటర్లలో బెంగళూరు. అక్కడ సిస్టమ్ అడ్మిన్‌గానో సపోర్టులోనో ఒక ఉద్యోగం దొరికితే ఇంటికి ఆసరా. ఇంటర్వ్యూలో అడుగుతారు, వెబ్ సర్వరు ఒక ఫైలు ఇవ్వడం లేదు, పర్మిషన్ ఎర్రర్, ఏం చేస్తావు అని. ఈ పిల్ల నమ్మకంగా ట్రిపుల్ సెవెన్ అంటుంది. ఎదుటివాడు చిన్నగా నవ్వి, థాంక్యూ అంటాడు. ఆ పిల్ల బస్సెక్కి వెనక్కొస్తుంది. తప్పెక్కడ జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పరు, ఎందుకంటే నేర్పినవాడికే తెలియదు. ఈ పాపం ఎవరి ఖాతాలో వేద్దాం?

కేరళలో కైట్ సంస్థ బడి పిల్లల కోసం ఉబుంటు మీద సొంత వెర్షన్ కట్టి, కావలసినవన్నీ అందులోనే నింపి పంచుతోంది. మన దగ్గర స్వేచ్ఛ లాంటి సంస్థలు ఇంజనీరింగ్ కాలేజీల్లో గ్లగ్‌లు, అంటే గ్నూ/లినక్స్ యూజర్ గ్రూపులు, పెట్టించి, సెలవు రోజుల్లో పిల్లలను కూర్చోబెట్టి లినక్స్ నేర్పాయి. ఆ పిల్లలు కొందరు మాస్టార్ల కంటే వందరెట్లు నయం. నేమ్‌ఐ కమాండ్ నాకు మొదట చూపించింది అలాంటి కుర్రాడే. కానీ స్వచ్ఛందంగా వచ్చేవాళ్ల మీద ఎంతకాలం నెట్టుకొస్తారు? సిలబస్ రాసే పెద్దలు, జేఎన్‌టీయూ కానివ్వండి, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కానివ్వండి, ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబులో షెడ్యూలింగ్ ఆల్గరిథమ్‌లను సీ భాషలో మళ్లీ మళ్లీ రాయించే బదులు, నెట్ తీసేసిన మెషీన్లో లోకల్ రిపో కట్టించే ప్రయోగం ఒక్కటి పెట్టండి. ప్రాక్టికల్ పరీక్షలో ఎక్స్‌టర్నల్ వచ్చి హోమ్ ఫోల్డరు 750లో ఉంచి, రిపో పనిచేయించమనాలి. ట్రిపుల్ సెవెన్ కొట్టినవాడికి సున్నా వెయ్యాలి. మొదటి ఏడాది పాస్ పర్సంటేజీ చూసి అధికారుల గుండె ఆగినా ఫర్వాలేదు.

అంతవరకూ ఆగలేని కాలేజీలకు ఇంకో దారి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. మూలన పడేసిన పాత కంప్యూటర్లలో ఒకటి తీసి, డిస్కు ఒకటి తగిలించి, ల్యాబు నెట్‌వర్క్‌లోనే రిపో సర్వరు చెయ్యండి. ఆప్ట్-కాషర్-ఎన్‌జీ పెడితే ఒక మెషీన్ దించుకున్న ప్యాకేజీ మిగతా అందరికీ అక్కడి నుంచే అందుతుంది, బయటి లైను మీద భారం పడదు. నెట్ అసలే లేని చోట, సంతకం పెట్టిన రిపోను 'ఎస్‌ఆర్‌వీ' కింద పెట్టి అపాచీతో వడ్డించండి. పెన్‌డ్రైవ్‌ల గొడవ, హోమ్ ఫోల్డర్ల గొడవ రెండూ పోతాయి. అయితే ఆ అపాచీ కూడా రూట్‌గా ఫైళ్లు ఇవ్వదు. 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా' అనే ఇంకో బీద యూజరు చేత ఇప్పిస్తుంది. అతనికీ ప్రతి ఫోల్డరు దగ్గర దాటే హక్కు కావాలి, ఫైలు చదివే హక్కు కావాలి, అంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఈ పనంతా ఫైనలియర్ పిల్లలకు ఒక శనివారం అప్పగించండి, సాయంత్రానికి లేపి నిలబెడతారు. మాస్టారు ఆ రోజు కీబోర్డు జోలికి రాకుండా ఉంటే చాలు.